తాబేలు ముఖం ఉత్తరానికే

ఉత్తర వీధిలో కాపురముంటున్న నిన్నే అడుగుతున్నాను: నీ ఇంట్లో కందిపప్పు మెత్తగా ఉడికి ఎన్నాళ్లయింది?

పొయ్యిని తిట్టావు. పప్పు అమ్మినవాణ్ణి తిట్టావు. కొత్త కోడల్ని కూడా తిట్టావని విన్నాను. నీళ్ల జోలికి మాత్రం పోలేదు. పోతే బావిని అనుమానించాలి, ఆ తర్వాత తాబేలును, ఆ తర్వాత కట్ట సభను. అంత దూరం నడవడానికి నీకు కాళ్లు రాలేదు. నేనేదో నడిచానని అనుకోకు. నా పాపం కూడా ఇందులో ఉంది, దాని చోటు వచ్చినప్పుడు దాచకుండా చెబుతాను.

ఈ పక్షమంతా నేను రాసుకున్న దినచర్య ఇది. పది ప్రతులు తీశాను. నిలబడే చదువు. చదివి పక్కింటికి ఇవ్వు.

బహుళ తదియ

తిథులు వేసి రాస్తున్నానని నా సంఘం వాళ్లు నొసలు చిట్లించనక్కరలేదు. ముహూర్తాల కోసం కాదు, పోటు కోసం. సముద్రం లేచేదీ తగ్గేదీ చంద్రుణ్ణి బట్టే. ఆ చంద్రుణ్ణి అక్కడ పెట్టినవాడు ఎవరో నాకు తెలుసు.

పొద్దున దక్షిణ కట్ట మీద ఎర్రపక్షి, మన ఎండ యంత్రం, రెక్కలు విప్పింది. రెక్కల పలకలకు ఎండ తగిలి ఊళ్లో పొయ్యిలన్నీ వేడెక్కాయి. ఎసట్లో పప్పు వేసి వల బాగుచేయడానికి కూర్చున్నాను. రెండు వలలు ముగించి లేచి చూస్తే పప్పు ఎలా వేశానో అలాగే ఉంది, గింజకు గింజ. ఇంతలో పక్కింటి సలోమి గిన్నె పట్టుకుని వచ్చింది.

"అక్కా, టీ పెడితే పాలిరిగిపోతన్నాయి. నా సేతిలో ఏదో ఉందంటంది మా అత్త."

చేతిలో కాదు, చేదలో ఉందేమో చూద్దాం పద అన్నాను.

నలభై మూడు ఇళ్లకు ఈ ఒక్కటే మంచినీళ్ల బావి. సముద్రం పాత ఊళ్లను మింగాక, మన తాతలు చుట్టూ కట్ట పోసుకుని, లోపల మిగిలిన నేలలో ఏడు చోట్ల తవ్వారు. ఆరు చోట్ల ఉప్పునీరు, ఇక్కడ తియ్యటి నీరు. అందుకే ఈ వీధి ఇక్కడుంది. ఒక చేద తోడి, దోసిట్లో పోసుకుని, నాలుక అంచున ఆపి చూశాను. ఉప్పుంది. ఎక్కువ కాదు. ఎండలో పనిచేసేవాడి చెమట జారి పెదవిని తాకినంత.

బహుళ పంచమి

ఉత్తర కట్టకు వెళ్లాను. పదకొండేళ్లుగా నేను అటు కాలు పెట్టలేదు, నా వాళ్లను పెట్టనివ్వలేదు.

చైనా నుంచి వచ్చిన ఇంజినీర్లు ఈ కట్టకు నాలుగు యంత్రాలు కట్టినప్పుడు, తమ పాత కథల్లో నాలుగు దిక్కులను కాచే జంతువుల రూపాలే వాటికి ఇచ్చారు. ఉత్తరాన ఉన్నది నల్లతాబేలు. ఇల్లంత ఉంటుంది. కట్టలో మురుగు పోవడానికి వదిలిన గండి దాని కాపలా చోటు. పోటు రాగానే లేచి, ఆరు అడుగులు వేసి, గండిలో బోర్లా కూర్చుని సముద్రానికి తలుపవుతుంది. ఆటు వేళకు లేచి వెనక్కి వస్తుంది. దాని మెడకు చుట్టుకున్న నల్లపాము ఒట్టి గొట్టం, లోపల ఊరిన నీటిని పీల్చి బయటికి ఉమ్ముతుంది.

అదంతా నాలుగు నెలల కిందటి దాకా. అప్పట్లో మూడు పడవలు తిరిగి రాలేదు. ఊరి పెత్తనం చూసే కట్ట సభ ఒక వాస్తు పండితుణ్ణి పిలిపించింది. ఉత్తరం కుబేరుడి చోటట, అక్కడ అంత నల్లటి బరువు కూర్చుంటే ఊరికి కలిసిరాదట, నీటి నోరు ఈశాన్యానికి ఉండాలట. అందరూ తలలూపారు. గొలుసులు కట్టి లాగి, గండిలో ఉండగానే తాబేలు ముఖాన్ని ఈశాన్యానికి తిప్పారు. మళ్లీ తిరగకుండా వెనక కాళ్ల చుట్టూ సిమెంటు దిమ్మ పోశారు. దిమ్మ మీద మండపం, మండపానికి గంట.

నేను వెళ్లేసరికి పోటు మొదలైంది. దిమ్మలోంచి ఒక మూలుగు వచ్చింది. దూడ కోసం ఆవు అరిచినట్టు, కానీ ఇనుపగొంతుతో. స్వామి పలుకుతున్నాడని దక్షిణ వీధి ఆడవాళ్లు గంట కొట్టారు, దాని కంటి అద్దానికి పసుపు పూశారు. నాకు ఒళ్లు మండిపోయింది. అది సాతాను మూలుగని అక్కడే గట్టిగా అన్నాను.

"ఏం ప్రసంగమ్మా, దారి తప్పారా?" అని పలకరించాడు షెన్ తాతారావు. తాబేలుకు నూనె పోసి కాచే మనిషి, డెబ్బై ఏళ్లుంటాయి. ఆ ఇంజినీర్లతో వచ్చి ఇక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోయిన షెన్ అనే ఆవిడ మనవడు. ఇరవై ఏళ్లుగా అతన్ని నేను బొమ్మల కాపరి అంటాను, అతను నన్ను ప్రసంగమ్మ అంటాడు.

ఉప్పునీరు ఇటునుంచే వస్తోందా అని అడిగాను. సభ మనిషి ఒకడు గంట కింద నిలబడి ఉన్నాడు. తాతారావు వాణ్ణి చూసి నూనె డబ్బా మూత బిగించుకుంటూ, ముందు నిలబడి కాదు, ఎడమపక్కకు వెళ్లి చూడండని మాత్రం అన్నాడు.

నేను వెళ్లలేదు. నేను వెళ్లింది చూడటానికి కాదు, అసహ్యించుకోవడానికి.

బహుళ అష్టమి, ఆదివారం

రేకుల షెడ్డులో వాక్యం చెప్పాను. చదువు నాకు ఎవరూ చెప్పలేదని మీకు తెలుసు. మా అమ్మ నోట విని కంఠస్థం చేసిన వాక్యాల మీద వేలు పెట్టుకుంటూ, ఏ మాట ఎక్కడుందో పోల్చుకుంటూ అక్షరాలు పట్టాను. అందుకే నా వేలు ఎప్పుడూ నాకు తెలిసిన చోటికే పోతుంది. ఈ ఆదివారం కూడా ఇత్తడి సర్పం దగ్గరికే పోయింది. ప్రజలు దానికి ధూపం వేశారు, నీతిమంతుడైన రాజు దాన్ని ముక్కలు చేయించాడు, ఉత్తరాన ఉన్నదానికీ అదే గతి పట్టాలి. షెడ్డు రేకులు అదిరేలా చెప్పాను.

గుమ్మం బయట, ఎండలో, తాతారావు నిలబడి విన్నాడు. అయిపోయాక మెల్లగా అడిగాడు: "అమ్మా, ఆ పామును మొదట చెయ్యమన్నది ఎవరు?"

అరణ్యంలో పాములు కరిచి జనం చస్తుంటే దేవుడే చేయించాడు. దాన్ని చూసినవాడు బతికాడు. అది నాకు తెలుసు. నా వేలు ఆ పేజీకి ఎప్పుడూ పోలేదు, అంతే.  బొమ్మల కాపరికి వాక్యం ఎందుకని తలుపు మూశాను.

సాయంత్రానికి బావి గట్టు మీద తెల్లటి చార కనిపించింది. సలోమి గోరుతో గీకి నాలుక మీద వేసుకుని, ఉమ్మేసింది.

బహుళ దశమి

ఊరి నడుమ పసుపురంగు మట్టిదిబ్బ మీద కట్ట సభ కూర్చుంది. కట్ట పెద్ద పుండరీకం గారు నాకు కుర్చీ వేయించారు. వినని మనిషే మొదట కుర్చీ వేయిస్తాడు.

బావిలో ఉప్పు సంగతి చెప్పాను. ఆయనకు ముందే తెలుసు. ఇరవై రోజులుగా తెలుసు. అమావాస్య పోటుతో బావి పూర్తిగా పోతుందనీ, మనల్ని పడమటి గోదాముల్లోకి మార్చాలనీ సభ నిర్ణయించేసింది. గోదాములో ఇంటికి ఒక గోడ మూల, మనిషికి రోజుకు రెండు చెంబుల నీళ్లు. మనకెవరికీ చెప్పలేదు. వీధి వదిలితే మన పడవలు కట్టుకునే రేవు కూడా వదిలినట్టే. ఆ రేవు ఎవరికి కావాలో నేను రాయను, మీరు అంత అమాయకులు కారు.

తాబేలును మళ్లీ ఉత్తరానికి తిప్పండి అన్నాను. నోరు జారి అన్నానో, ఎవరైనా అనిపించారో. అంతవరకు పగలగొట్టమనే అడిగినదాన్ని.

"చూడండమ్మా," అన్నారాయన, చాలా మెత్తగా. "మీరు దేవుళ్లను నమ్మరు, సరే. మేం నమ్ముతాం. మండపం మీద ఒక్క చెయ్యి పడినా, ఆ చేతిని పులికి చూపిస్తా."

పడమటి గేటు దగ్గర తెల్లపులి అరచేతులు చూసి మనుషుల్ని లోపలికి వదులుతుంది. అది ఒక చేతిని వద్దనుకుంటే ఆ మనిషి కట్ట బయటే. బయట సముద్రమూ బురదా తప్ప ఏమీ లేదు. పుండరీకం గారు ఇంకో కప్పు టీ తెప్పించారు. సభకు నీళ్లు దక్షిణపు ట్యాంకు నుంచి వస్తాయి. ఆ పాలు విరగలేదు.

బహుళ ద్వాదశి

మా ఆయన పడవ మేకులు కొట్టిన సుత్తి తీసుకుని ఉత్తర కట్టకు వెళ్లాను. మధ్యాహ్నం, ఆటు వేళ. ఎండకు మండపం దగ్గర ఎవరూ లేరు, తాతారావు తప్ప. సుత్తిని చూశాడు. అడ్డం రాలేదు.

తాబేలు ముందుకాలి మీద కొట్టాను. ఇనుము మోగింది. మళ్లీ కొట్టాను. మూలిగింది. మూడోసారి, నా భుజం ఊడిపోయేంత బలంగా కొట్టాను.

"మీ గ్రంథంలో ఒక గాడిద ఉంది కదమ్మా," అన్నాడు తాతారావు. "షెడ్డు బయట నించుని విన్నాను. ఆయన దాన్ని ఎన్నిసార్లు కొట్టాడు?"

సుత్తి దించాను.

ఆ కథ మీకు నేనే చెప్పాను. ప్రవక్త గాడిదెక్కి పోతున్నాడు. దారిలో కత్తి దూసుకుని దూత నిలబడ్డాడు. గాడిదకు కనిపించాడు, ప్రవక్తకు కనిపించలేదు. గాడిద పక్కకు తిరిగిన ప్రతిసారీ కర్రతో కొట్టాడు. మూడుసార్లు. అప్పుడు దేవుడు ఆ పశువు నోరు తెరిచాడు.

తాతారావు నన్ను ఎడమపక్కకు తీసుకెళ్లాడు. పోయిన వారం వెళ్లమన్నప్పుడు నేను వెళ్లని పక్కకు. సిమెంటు దిమ్మ లోపలి అంచు అరిగి గుంట పడింది. అక్కడ వెనక కాలి ఇనుము వెండిలా తళతళలాడుతోంది.

"దీని పొట్టలో దిక్సూచి ఉంది. ఉత్తరం ఎటో దీనికి ఎవరూ చెప్పక్కర్లేదు. పోటొచ్చినప్పుడల్లా తన చోటికి తిరగాలని కాళ్లు లాగుతుంది. దిమ్మ వదల్దు. మీరంతా విన్న మూలుగు అదే."

నాలుగు నెలలు. రోజుకు రెండు పోట్లు. వాళ్లు దేవుడు పలుకుతున్నాడని గంట కొట్టారు, నేను సాతాను మూలుగుతున్నాడని సుత్తి ఎత్తాను. అది మాత్రం మన బావికి అడ్డం పడుకోవడానికి పెనుగులాడుతోంది.

బహుళ త్రయోదశి

ఇప్పుడు నా పాపం.

తాతారావు మళ్లీ ఆటు వేళకు రమ్మన్నాడు. కాళ్ల మీద లేచి నిలబడ్డ తాబేలు పొట్ట కిందికి, మోకాళ్ల మీద, దీపం పట్టుకుని దూరాను. పొట్టంతా గుల్లలు. సముద్రపు గుల్లలు ఒకదాని మీద ఒకటి పేరుకుని నా పిడికిలంత మందాన ఉన్నాయి. ముఖం పక్కకు తిప్పడం వల్ల ఎడమవైపు జానెడు సందు. పోటుకు పొట్ట దించి కూర్చున్నా, గుల్లల వల్ల కింద పొడవునా పిడికెడు సందు. సముద్రం ఈ రెండు దారుల్లోనూ వస్తోంది.

పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ప్రతి అమావాస్య ఆటుకు మన వీధిలో ఇంటికొకరు గీకుడు రేకు పట్టుకుని ఈ పొట్ట కిందికి దూరి గుల్లలు రాల్చేవాళ్లు. గండికి దగ్గరగా ఉన్నవాళ్లం కనుక ఆ పని మనదే. పాటలు పాడుకుంటూ, జోకులేసుకుంటూ చేసేవాళ్లం. పదకొండేళ్ల కిందట నేను ఆపించాను. మోకాళ్లు వంచి దాని కిందికి దూరడమంటే దానికి మొక్కడమేనన్నాను. దూరినవాడు నా షెడ్డులోకి రావద్దన్నాను. గీకుడు రేకులన్నీ పోగుచేసి మడ్డి గుంటలో వేయించాను. ఆ రోజు నాకు చప్పట్లు కొట్టారు.

మోకాళ్లు వంచడానికీ మొక్కడానికీ తేడా తెలియని దాన్ని నలభై ఏళ్లు వాక్యం చెప్పాను.

బయటికి వచ్చాక తాతారావు ఒకే మాట అన్నాడు. "తిప్పింది వాళ్లు. పైకెత్తింది మీరు." కోపంగా అనలేదు. నూనె ఎంత మిగిలిందో చెప్పినట్టు అన్నాడు. పదకొండేళ్లు ఒక్కడే రేకు పట్టుకుని దూరాడట. అంచులు మాత్రమే అందాయట.

బహుళ చతుర్దశి

తూర్పున నీలి డ్రాగన్ వెన్ను లేచింది. అలలకు అడ్డం పడుకునే ఆ పొడుగాటి యంత్రం వెన్నుపూసలు మామూలుగా మనిషి ఎత్తు లేస్తాయి. ఇవాళ తాటిచెట్టంత లేచాయి. సముద్రంలో ఎక్కడో గాలివాన ఉంది. రేపటి పోటు ఒట్టి అమావాస్య పోటు కాదు.

తాబేలు వెనక తుంటి దగ్గర కాలిన వాసన వస్తోంది. మోటారు రేపు రాత్రి పోటు దాకా లాగగలదట, అంతేనట. అప్పటికి దిమ్మ లేకపోతే తానే ఉత్తరానికి తిరిగి గండిలో కూర్చుంటుంది. దిమ్మ ఉంటే మోటారు మాడిపోతుంది, గండి తెరిచే ఉంటుంది, బావి పోతుంది. మళ్లీ ఇంకో యంత్రం చేసేవాళ్లు ఈ లోకంలో మిగల్లేదు.

నలభై మూడు గడపలు తిరిగాను. కొన్ని చోట్ల తలుపు తీయలేదు. సలోమి అత్త కోటమ్మ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే అంది: "పదకొండేళ్లు దూరొద్దన్నావు. ఇప్పుడు దూరమంటన్నావు. రేపు ఏమంటావో అది కూడా ఇప్పుడే సెప్పెయ్, ఒక్కసారే ఇనేస్తాను."

నేను తప్పు చెప్పానన్నాను. ఆవిడ చేట ఆపింది. నా నోట ఆ మాట వినడం ఆవిడకు అదే మొదటిసారి.  సలోమి లోపలికి వెళ్లి, పాత రేకు డబ్బా కోసి అంచు పదును పెట్టుకుని వచ్చింది.

మిగతావాళ్లందరి నోటా ఒకటే మాట: పులి. తాతారావును అడిగాను, సభవాళ్లు పులిని ఊళ్లోకి, మన మీదికి పంపగలరా అని. వాళ్ల నాయనమ్మ చెప్పేదట: డ్రాగన్ తూర్పుకే చూస్తుంది, పక్షి దక్షిణానికే, పులి పడమటికే, తాబేలు ఉత్తరానికే. నాలుగూ బయటికే చూస్తాయి, మన మీదికి చూడ్డానికి వాటికి మెడ కట్టలేదు. పులి ముఖం ఊళ్లోకి తిరగాలంటే మనుషులు గొలుసులు కట్టి లాగాలి. తాబేలును లాగడానికి పుండరీకం గారికి రెండు వందల మందీ రెండు రోజులూ పట్టాయి. ఆ రెండు వందల్లో నలభై మంది మన వీధివాళ్లే. కూలికి వెళ్లారు. పేర్లు రాయను. నీకు తెలుసు నువ్వు వెళ్లావో లేదో.

రేపు ఎవరైనా మన చేతుల్ని గేటు దగ్గరికి ఈడ్చుకెళ్తే వెళ్దాం. నా చెయ్యి ముందు చూపిస్తాను.

అమావాస్య, ఉదయం

పొద్దున్నే బావిలో చేద వేశాను. నీళ్లు నోట పెట్టుకోలేకపోయాను. ఇంకా సముద్రం కాలేదు. సగం దారిలో ఉంది. వెనక్కి నెట్టే వీలు ఇంకా ఉంది.

తాతారావు దిమ్మ దగ్గరే కూర్చున్నాడు. తాబేలు కంటి అద్దానికున్న పసుపు తడిగుడ్డతో తుడిచాడు. సలోమి గడ్డపార మోసుకొచ్చింది. ఇప్పటికి ముగ్గురం. సిమెంటు దిమ్మ ముగ్గురికి లొంగదు. నలభై మందికి ఒక పూట పని.

నువ్వు దేవుడని మొక్కినవాడివైతే విను: దేవుణ్ణయినా ఇలా కట్టి పడేస్తారా? నాలాగా సాతానని ఉమ్మినవాడివైతే విను: అది ఒక తలుపు. ఎవరూ మొక్కనక్కరలేదు, ఎవరూ కొట్టనక్కరలేదు, మూసుకోనిస్తే చాలు. కూలిపోయిన యెరూషలేము గోడను మళ్లీ కట్టినప్పుడు, ఎవరి ఇంటి ఎదుటి గోడ వాళ్లే కట్టుకున్నారు. ఒక చేత్తో పని, ఒక చేత ఆయుధం. కంసాలులు కట్టారు, అత్తర్లు అమ్మేవాళ్లు కట్టారు, ఒకాయన కూతుళ్లు కట్టారు. అది తమ స్థాయికి తగదని మెడ వంచనివాళ్లు కొందరు పెద్దమనుషులు. వాళ్ల సంగతి కూడా అక్కడే రాసి ఉంది, ఇప్పటికీ చదువుకుంటున్నాం.

మధ్యాహ్నం సముద్రం వెనక్కి తీయడం మొదలవుతుంది. పొద్దు వాలేసరికి మళ్లీ ఎక్కుతుంది. ఆ మధ్య ఉన్నదే మన గడువు. మగవాళ్లు దిమ్మ మీదికి, గడ్డపారలు, సుత్తులు, ఏది ఉంటే అది. ఆడవాళ్లు, సన్నగా ఉన్నవాళ్లు పొట్ట కిందికి నాతో. గీకుడు రేకు లేకపోతే అట్లకాడ తీసుకురా. మోకాళ్లకు గోనె కట్టుకో, గుల్లలు కోస్తాయి. వంటకు నీళ్లు పెట్టి ఉంటే దించెయ్, ఆ పప్పు ఎలాగూ ఉడకదు.

రేపు రాకు. రేపు ఇక్కడ చేయడానికి పని ఉండదు. ఈ కాగితం పక్కింటి గడప మీద పెట్టి, ఇప్పుడే బయల్దేరు.